ఇంటి పని, సర్కారు లెక్క

నాలుగు గోడల మధ్య చేసుకునే పనికి పన్నేమిటి, ఇది దుకాణమా, కార్ఖానానా అనుకుంటాం. సర్కారు మాత్రం ఏనాడూ అలా అనుకోలేదు. అది ఎప్పుడూ అడిగేది ఒకటే: మీ ఇంట్లో లెక్కపెట్టడానికి ఏముంది?

నిజాం ఏలుబడిలో మొహతర్ఫా అని ఒక పన్ను ఉండేది. సాలెవారు, గానుగవాళ్ళు, ఇలా చేతిపని చేసుకు బతికేవాళ్ళ మీద వేసేవారు. మద్రాసు రాజధానిలోనూ ఇది మోతుర్ఫా పేరుతో ఉండేది. గాజుల లక్ష్మీనరసుసెట్టి గారు పెట్టిన మద్రాసు నేటివ్ అసోసియేషను 1852లో ఇంగ్లండు పార్లమెంటుకు పంపిన అర్జీలో దీని బాధా ఉంది. మరి మగ్గం కనబడుతుంది, లెక్కకు అందుతుంది. దాని మీద నేసిన చీర అమ్ముడైందా, ఇంట్లో పొయ్యి వెలిగిందా అన్నవి కనబడవు కదా!

స్వరాజ్యం వచ్చాకా మగ్గాల లెక్క పోలేదు. 1950లలో మరమగ్గాల బట్ట మీద ఎక్సైజు సుంకం వేస్తూ, నాలుగు మగ్గాలకు మించనివాళ్ళకు మినహాయింపు ఇచ్చారు. ఇంకేముంది! పెద్ద షెడ్లన్నీ కాగితాల మీద చిన్నవైపోయాయి. నాలుగు తమ్ముడి పేర, నాలుగు భార్య పేర. సిరిసిల్ల నేతగాళ్ళు బతుకుతెరువుకు వెళ్ళిన భివండీ అలాంటి మరమగ్గాల ఊరే. తర్వాత సిరిసిల్లలోనూ ఇంటింటా మరమగ్గాలు దడదడలాడాయి. అక్కడివాళ్ళు వాటిని సాంచాలంటారు. ఆ కాగితాల మీద యజమానురాళ్ళయిన ఇల్లాళ్ళలో ఎందరికి ఆ సంగతి తెలుసో నాకు అనుమానమే.

జగిత్యాల, కోరుట్లలలో కథ వేరు. అక్కడ ఇంటి అరుగు మీద చాట ఒళ్ళో పెట్టుకుని, తునికాకు కత్తిరించి, పొగాకు నింపి, దారం చుట్టే ఆడవాళ్ళే ఎక్కువ. ఇది ఇంటి పనే గానీ సొంత వ్యాపారం కాదు. ఆకూ పొగాకూ కంపెనీవి, కూలి వెయ్యి బీడీలకింత. 1966 బీడీ కార్మికుల చట్టం ఇంట్లో చుట్టేవాళ్ళనూ కార్మికులుగానే గుర్తించింది. 1976లో బీడీ సెస్సు చట్టం వచ్చింది. తర్వాత్తర్వాత అదీ వెయ్యికింతే అయింది! కట్టవలసింది తయారీదారు. ఆ డబ్బు వైద్యానికి, పిల్లల స్కాలర్‌షిప్పులకు, ఇళ్ళకు. 2017 జూలై 1న జి.ఎస్.టి. రావడంతో ఆ సెస్సు పోయింది, బీడీ మీద 28 శాతం పన్ను వచ్చింది. చుట్టే ఆవిడ దానికి రిజిస్ట్రేషను చేయించుకోనక్కర లేదు. ఆవిడ కూలిలో పట్టుకునే ప్రావిడెంటు ఫండు పన్ను కానే కాదు, ఆవిడ సొమ్మే. ఆ రెండూ కలిపి "పట్టుకుంటున్నరు" అనేస్తారు, అక్కడే చిక్కంతా.

ఇక సొంతంగా చీరలు తెచ్చి అమ్మేవాళ్ళూ, పచ్చళ్ళు పెట్టేవాళ్ళూ ఉన్నారు. ఇప్పుడు మగ్గాలూ బీడీలూ కాదు, రూపాయల లెక్క. అందులోనూ రెండు లెక్కలున్నాయి. ఆదాయపు పన్నువారు చూసేది ఖర్చులు పోగా మిగిలింది. జి.ఎస్.టి.వారు చూసేది మొత్తం అమ్మకం. వెయ్యి రూపాయల చీర మీద మీకు యాభయ్యే మిగిలినా, వాళ్ళ లెక్కలో వెయ్యే. 2019 ఏప్రిల్ నుంచి చాలా రాష్ట్రాలు సరుకు అమ్మేవాళ్ళకు రిజిస్ట్రేషను పరిమితిని ఏడాదికి 40 లక్షలకు పెంచాయి. తెలంగాణ 20 లక్షల దగ్గరే ఉండిపోయింది. కోరుట్ల నుంచి మహారాష్ట్రకు సరుకు పంపితే మాత్రం, సాధారణంగా ఆ పరిమితి కూడా అడ్డురాదు, రిజిస్ట్రేషను ఉండాల్సిందే.

ఇంకొక మాట. ఒకే పాన్ నంబరు మీద నడిచే వ్యాపారాలన్నిటి అమ్మకాలూ కలిపే లెక్క వేస్తారు. మీ వారు మీ పేరు మీద బట్టల కొట్టు పెడితే, దాని అమ్మకమూ మీ పచ్చడి జాడీల అమ్మకమూ ఒక్కచోటే పడతాయి. నోటీసొస్తే మీ పేరుకే వస్తుంది. సంతకం పెట్టే ముందు ఆ కాగితం ఏమిటో ఆయన్నే చదివి వినిపించమనండి.