సింగపూర్‌లో ధర్మం పాఠమైన వైనం

సింగపూర్ లిటిల్ ఇండియాలో శ్రీనివాస పెరుమాళ్ కోవెలకు నడిచి వెళ్లేంత దూరంలో రేస్‌కోర్స్ రోడ్డు ఉంది. 1927లో ఒక థాయి భిక్షువు నెలకొల్పిన శాక్యముని బుద్ధగయ ఆలయం ఆ రోడ్డు మీదే ఉంది. లోపల 15 మీటర్ల బుద్ధుడు కూర్చుని ఉంటాడు, చుట్టూ దీపాలు వెలుగుతుంటాయి. పీఠం చుట్టూ ఆయన జీవిత ఘట్టాలను బొమ్మలుగా మలిచారు. చదువు రానివాళ్లకు ఆ బొమ్మలే పాఠం. ఆ రోజుల్లో అక్కడి చైనీయుల్లో చాలామందికి బౌద్ధమంటే దర్శనం, అగరొత్తులు, మొక్కులు, పెద్దలకు పెట్టుకోవడం. సూత్రాలు చదివి అర్థం చెప్పడం భిక్షువుల పని. ఆ పని గృహస్థుల చేతికి రావడమే ఈ నగరపు బౌద్ధ చరిత్రలో అసలు మలుపు.

ఆ మలుపుకు ఊపునిచ్చినవాడు చైనా సంస్కర్త తైషు. 1926లో ఆయన సింగపూర్ వచ్చి ఉపన్యాసాలిచ్చాడు. చావు కర్మకాండల్లో చిక్కుకున్న బౌద్ధాన్ని బతికున్న మనుషుల వైపు తిప్పాలన్నది ఆయన పట్టుదల. 1934లో గృహస్థులే నడుపుకునే సింగపూర్ బుద్ధిస్ట్ లాడ్జ్ ఏర్పడింది. ధర్మోపన్యాసాలతో పాటు వచ్చినవాళ్లందరికీ ఉచితంగా శాకాహార భోజనం పెట్టడం దానికి పేరు తెచ్చింది. 1948లో మహాబోధి పాఠశాల, 1949లో బౌద్ధ సమాఖ్య వచ్చాయి. 1955లో వైశాఖ పూర్ణిమ ప్రభుత్వ సెలవైంది.

శ్రీలంక భిక్షువులు చేసిన మేలు ఇంకో రకం. శ్రీలంకారామయ, 1960లో వెలసిన మంగళ విహార వంటి చోట్ల బోధన ఇంగ్లీషులో సాగింది. ఇంగ్లీషు బడుల్లో చదివి, పాత చైనీస్ సూత్రాలు కొరుకుడు పడని యువతకు అదే తలుపు తెరిచింది.

తెలుగు పాఠకుడు ఆగి చూడాల్సిన మనిషి మాత్రం యెన్ పే. 1940ల్లో చైనాలో ఆయన గురువు యిన్ షున్ ఒక గ్రంథం మీద వరుస ఉపన్యాసాలిచ్చాడు. శిష్యుడు యెన్ పే వాటిని రాసుకున్నాడు. ఆ గ్రంథం తెలుగు నేలతో పేరు ముడిపడిన ఆచార్య నాగార్జునుడి మూలమధ్యమకకారిక. శూన్యవాదంలోని ఆ చిక్కు తర్కాన్ని అక్షరబద్ధం చేసిన భిక్షువే 1960ల్లో సింగపూర్ చేరి, 1981లో సింగపూర్ బౌద్ధ సంక్షేమ సేవల సంస్థను స్థాపించాడు. ఆ సంస్థ తలకెత్తుకున్న పనుల్లో మూత్రపిండాల దానం ఒకటి. చనిపోయిన మనిషి దేహాన్ని కదిలించకూడదని, కోయకూడదని చైనీయ కుటుంబాల్లో బలమైన పట్టింపు ఉండేది. దాన్ని సడలించడానికి వైద్యుల మాట ఒక్కటే చాలలేదు. కరుణ, దానం అని వల్లె వేస్తున్న మాటలు ఒంటికి వర్తిస్తాయా లేదా అని ధర్మం చెప్పేవాళ్లే అడగాల్సి వచ్చింది. బౌద్ధానికి ఇది కొత్త ప్రశ్నేమీ కాదు, తన ఒంటినే దానమిచ్చిన శిబి జాతకం మన నాగార్జునకొండ శిల్పాల్లోనే ఉంది. ప్రమాదాల్లో మరణించినవారు ముందే వద్దని చెప్పి ఉండకపోతే వారి మూత్రపిండాలను తీసుకోవచ్చని సింగపూర్ ప్రభుత్వం చట్టం చేసింది 1987లో. చదివింది ఆచరణలో పెట్టడానికి యెన్ పే సంస్థ తలకెత్తుకున్న ఈ పని కంటే గట్టి ఉదాహరణ వెతకనక్కర్లేదు.

ఇంతలో ధర్మం తరగతి గదిలోకీ వచ్చింది. మత విజ్ఞానాన్ని పాఠ్యాంశం చేస్తామని 1982లో అప్పటి విద్యామంత్రి గో కెంగ్ స్వీ ప్రకటించాడు. 1984 నుంచి సెకండరీ మూడు, నాలుగు తరగతుల పిల్లలు బైబిల్, ఇస్లాం, హిందూ ధర్మం, బౌద్ధం, కన్ఫ్యూషియన్ నీతి వంటి వాటిలో ఒకటి ఎంచుకోవాల్సి వచ్చింది. అన్నిటికంటే ఎక్కువమంది ఎంచుకున్నది బౌద్ధాన్నే. కానీ ఈ చదువు మతాల మధ్య పోటీని పెంచుతోందన్న ఆందోళన మొదలై, తప్పనిసరి బోధనను ఆపేస్తామని 1989లో ప్రభుత్వమే ప్రకటించింది. ఆ కొద్ది ఏళ్లలోనే ఇళ్లలో పెద్దలు ఆచారంగా చేస్తున్నవాటిని పిల్లలు నాలుగు సత్యాలు, అష్టాంగ మార్గం అనే చట్రంలో చూడటం నేర్చుకున్నారు.

ఇళ్లలో కలిసి చదివే పద్ధతికి సోకా సంఘం పేరుపడింది. దాని మూలం 1930లో జపాన్‌లో ప్రధానోపాధ్యాయుడు మకిగుచి మొదలుపెట్టిన ఉపాధ్యాయుల సంఘం. సింగపూర్‌లో ఆ శాఖ నమోదైంది 1972లో. హౌసింగ్ బోర్డు ఫ్లాటులో గడప బయట చెప్పుల వరుస, హాల్లో ఇరుగ్గా కూర్చున్న పదిహేనూ ఇరవై మంది. ముందు జపం, తర్వాత జపాన్ భిక్షువు నిచిరెన్ లేఖల్లోంచి ఒక భాగం, ఆ పైన ఎవరో ఒకరు ఉద్యోగం పోయిన సంగతో, అత్తాకోడళ్ల పేచీనో చెప్పి, చదివింది అందులో ఎలా అక్కరకొచ్చిందో వివరిస్తారు. ఇలాంటి చోట అనుభవాలు పెరిగి మూలగ్రంథం పలచబడే ప్రమాదం లేకపోలేదు. అయినా, తన కష్టాన్ని పదిమంది ముందు పెట్టి ధర్మంతో తూచుకునే ధైర్యం గుడి వరండాలో దొరికేది కాదు.

జనగణన అంకెలు ఈ కథను మరోలా చెబుతాయి. 1990లో తావో మతస్థులు 22.4 శాతం, బౌద్ధులు 31.2 శాతం. 2000 నాటికి తావో 8.5కు పడిపోయింది, బౌద్ధం 42.5కు ఎగబాకింది. తాతల నాటి దేవతలను కొలిచే ఇళ్లలోనే కొత్త తరం వాళ్లు తమను బౌద్ధులుగా రాయించుకున్నారు. ఈ మార్పులో బడి పాఠాలకు వాటా ఉందని అనుకోవడం తప్పు కాదు. 2020కి బౌద్ధులు 31.1 శాతానికి తగ్గారు, ఏ మతమూ లేదన్నవాళ్లు 20 శాతం అయ్యారు. 1980ల్లో తరగతి గదిలో బౌద్ధం చదివిన పిల్లలు ఇప్పుడు యాభయ్యో పడిలో ఉన్నారు. విహారాల ఆదివారం తరగతులకు, ఇళ్లలో చర్చలకు ఇప్పుడు ఎదురుగా ఉన్నది వాళ్ల పిల్లల తరం.