చిగురు పన్ను నుంచి బెల్టు షాపు దాకా



మొన్న రాత్రి హాస్టల్లో కరెంటు పోయినప్పుడు మొదలైంది ఈ వాదన. దేశమంతా మందు బంద్ చేసేస్తే పీడా పోద్ది అని సగం మందిమి. మా గదిలోనే ముగ్గురికి నాన్నల్లేరు, తాగుడే కారణం. కాబట్టి ఆ మాట ఊరికే అన్నది కాదు. మిగతావాళ్ళేమో, మరి కొత్తల పండక్కి దేవుడికి ఏం పోస్తార్రా అన్నారు. వాదన తెగలేదు. అందుకే పాత చరిత్ర కొంచెం తిరగేశాం.

మన కొండల్లో కల్లు మీద చట్టం రావడం కొత్తేం కాదు. 1879 రంప తిరుగుబాటు అనగానే మనకి తమ్మన్నదొర, చంద్రయ్య పేర్లు గుర్తొస్తాయి. గొడవ దేనికి మొదలైందో మాత్రం ఎక్కువమందికి తెలీదు. మన్సబుదారు ముందే కల్లు చెట్ల మీద చిగురు పన్ను అని వసూలు చేసేవాడు. దాని మీద తెల్లవాళ్ళు అబ్కారీ పద్ధతి తెచ్చారు. ఇంటి అవసరానికి కూడా చెట్టు గీయకూడదు, కల్లు హక్కు పాట పాడుకున్న కాంట్రాక్టరుదే అన్నారు. తాతముత్తాతలు పెంచిన చెట్టు, వాకిట్లో ఉన్న చెట్టు. దాని కల్లు తాగాలంటే కింద నుంచి వచ్చినోడికి డబ్బు కట్టాలి! పోలీసుల వేధింపులు, షావుకార్ల తప్పుడు దావాలు కూడా తోడయ్యాయి. మార్చిలో రంప భగ్గుమంది, తర్వాత గొలుగొండ, రేకపల్లి దాకా పాకింది. 1880లో చంద్రయ్యనీ తమ్మన్నదొరనీ చంపేశారు. మన్సబుదారుని మాత్రం సర్కారే తీసేసింది, అంటే తప్పెవరిదో వాళ్ళకీ తెలుసన్నమాట.

గమనించండి, సర్కారు తాగుడు మానిపించలేదు. గీసుకునే హక్కు మన దగ్గర లాక్కుని అమ్ముకునే హక్కు ఇంకొకడికి ఇచ్చింది.

ఇంకో నలభై ఏళ్ళకి అదే మన్యంలో అల్లూరి సీతారామరాజు కల్లు మానండి, కోర్టులకి పోకండి, పంచాయతీల్లో తేల్చుకోండి అని ఊరూరా తిరిగి చెప్పాడు. చాలామంది విన్నారు. కల్లు కోసం తిరగబడ్డవాళ్ళ మనవలే ఇతని మాట ఎందుకు విన్నారా అని మేం చాలాసేపు మాట్లాడుకున్నాం. ఇతను పన్ను అడగలేదు, కేసు పెట్టలేదు. మాకు తోచింది ఇదే.

నిజంగా దేశమంతా బంద్ చేసి చూసినవాళ్ళు అమెరికావాళ్ళు, 1920 జనవరి నుంచి 1933 డిసెంబరు దాకా. దొంగసారా, కల్తీ చావులు, అల్ కపోన్ లాంటి ముఠాలు, ఇవన్నీ సినిమాల్లో చూసిందే. మమ్మల్ని ఆపింది వేరే సంగతి. అక్కడి ఆదివాసులకి మందు అమ్మకూడదని అంతకుముందు నుంచే ఫెడరల్ చట్టం ఉంది. 1933లో అందరికీ నిషేధం ఎత్తేశారు గానీ వీళ్ళకి 1953 దాకా ఎత్తలేదు. ఆ తర్వాత నిర్ణయం తెగల చేతికి వచ్చింది. పైన్ రిడ్జ్‌ వాళ్ళు నిషేధం ఉంచుకున్నారు. అయితే సరిహద్దు దాటగానే వైట్‌క్లే అనే చిన్న ఊళ్ళో బీరు దుకాణాలు వెలిశాయి. వాటి బేరమంతా వీళ్ళతోనే. 2017లో గానీ మూతపడలేదు.

మన దగ్గర 1992లో దూబగుంట ఆడవాళ్ళు సారా దుకాణం మూయించారు. 1993లో సారా, 1995 జనవరిలో మొత్తం మద్యం బంద్ అయ్యాయి. 1997లో ఖజానా చూసుకుని ఎత్తేశారు. ఊళ్ళో ఆడవాళ్ళు తెచ్చినదాన్ని ఎత్తేటప్పుడు వాళ్ళని ఎవరడిగారు?

మాలో ఒకడి ఊళ్ళో పోయినేడు ఓ అవ్వ కాచుకున్న ఇప్పసారా కుండ పగలగొట్టి కేసు రాశారు. అదే వీధి చివర బెల్టు షాపు ఉంది. దాని జోలికి ఎవరూ పోలేదు.

1996 పెసా చట్టంలో 4వ సెక్షన్ చదవండి. షెడ్యూల్డ్ ప్రాంతాల్లో మత్తు పదార్థాల అమ్మకం, వాడకం నిషేధించాలన్నా, అదుపు చేయాలన్నా ఆ అధికారం గ్రామసభకి, పంచాయతీకి ఉండేలా రాష్ట్రాలు చూడాలని ఉంది. అవ్వ కుండ, బెల్టు షాపు ఒకటేనా కాదా అని ఊరే తేల్చొచ్చు. దేశమంతా బంద్ అని మొదట అన్నవాళ్ళం కూడా ఇప్పుడు ఇదే అడుగుతున్నాం. మా ఊళ్ళల్లో గ్రామసభ అంటే రిజిస్టరులో వేలిముద్రలే, ఈ సంగతి ఎప్పుడూ ఎత్తలేదు. సంక్రాంతి సెలవులకి వెళ్ళినప్పుడు ఆ రిజిస్టరు అడిగి చూస్తాం. మీ ఊరి సభలో ఎప్పుడైనా ఎత్తారేమో మీరూ కనుక్కుని రాయండి.