ఏ పురుగు వడికిన పట్టు? కాంతినడిగి చూద్దాం

పట్టు అనగానే మనకు కంచి, ధర్మవరం, పోచంపల్లి గుర్తుకొస్తాయి. ఇవన్నీ ఊళ్ళ పేర్లు. బట్ట ఎక్కడ నేశారో చెబుతాయి కాని, దారం ఏ పురుగుదో చెప్పవు. మన దేశంలో వాడుకలో ఉన్న పట్టు ముఖ్యంగా నాలుగు రకాలు. మల్బరీ ఆకు తినే బాంబిక్స్ మోరీ ఇచ్చేది మామూలు పట్టు. మద్ది చెట్ల మీద పెరిగే ఆంథెరియా మైలిట్టా ఇచ్చేది దసలి పట్టు, అంటే టస్సర్. దాని దగ్గరి చుట్టం అస్సాంలోని ముగా. ఆముదపు ఆకు తినే పురుగు ఇచ్చేది ఎరి.

ఈ తేడా ఎవరికి కావాలి? తెలంగాణలో చెన్నూరు, మహాదేవపూర్ అడవి పల్లెల్లో దసలి పురుగుల్ని పెంచే కుటుంబాలున్నాయి. పురుగుల్ని మద్ది చెట్ల మీద వదిలి, పక్షులు తినెయ్యకుండా కాపలా కాసి కాయలు దించుతారు. వాళ్ళ శ్రమకు గిట్టుబాటు ధర రావాలంటే దసలి అన్న పేరు మీద నమ్మకం నిలవాలి. ఆ రంగు అద్దిన మిల్లు దారం అదే పేరుతో అమ్ముడుపోతే కొన్నవారు ఒక్కసారి నష్టపోతారు, పెంచినవారు ప్రతి పంటకూ నష్టపోతారు.

కాల్చి చూస్తే ఎంత తెలుస్తుంది?

మన ఇళ్ళలో తెలిసిన పరీక్ష ఒకటే, ఒక పోగు తీసి కాల్చడం. కాలిన వెంట్రుకల వాసన వచ్చి, నలిపితే పొడి అయ్యే మసి మిగిలితే పట్టు. కరిగి గట్టి ఉండ కడితే నైలాను లేదా పాలియెస్టరు. కాగితం కాలిన వాసన వస్తే 'ఆర్ట్ సిల్క్' పేరుతో అమ్మే విస్కోస్. పరీక్ష మంచిదే కాని ఉన్ని కూడా వెంట్రుకలాగే కాలుతుంది, దసలీ మల్బరీ ఒకేలా కాలతాయి. పైగా కాల్చిన పోగు తిరిగి రాదు. అమ్మమ్మ చీరకైనా, మ్యూజియంలోని వస్త్రానికైనా ఇది పనికిరాదు.

కాంతి ఎలా చెబుతుంది?

అణువులోని పరమాణువుల్ని స్ప్రింగులతో కలిపిన గోళీలనుకోండి. ప్రతి బంధం తనదైన వేగంతో కంపిస్తూ ఉంటుంది. కంటికి కనిపించని పరారుణ కాంతిని దారం మీద వేస్తే, ఆ కంపనాలతో శ్రుతి కలిసిన కాంతిని దారం మింగేస్తుంది. ఏది ఎంత మింగిందో గీసిన గీతే వర్ణపటం. కాంతిని ఇక్కడ సెంటీమీటరుకు ఎన్ని అలలు అన్న లెక్కలో కొలుస్తారు.

పట్టు ఒక ప్రొటీను. ప్రొటీన్లన్నీ 1600 నుంచి 1700 మధ్య ఒక పెద్ద శిఖరం చూపిస్తాయి. పట్టులో ప్రొటీను గొలుసులు మడత పెట్టిన రేకుల్లా ఒకదాని పక్కన ఒకటి పేర్చుకోవడం వల్ల ఆ శిఖరం 1620 దగ్గరికి జరుగుతుంది. పట్టు బలం ఈ పేర్పులోనే ఉంది.

పురుగును పట్టిచ్చే ఆనవాలు ఇంకా కిందికి వెళితే కనిపిస్తుంది. మల్బరీ పట్టులో గ్లైసీన్, అలనిన్ అనే ఎమైనో ఆమ్లాలు మార్చి మార్చి వస్తాయి. దసలి, ముగా, ఎరిలలో అలనిన్‌లే వరసగా గొలుసు కడతాయి. అందువల్ల మల్బరీ పట్టు 975, 998 దగ్గర చిన్న శిఖరాలు చూపిస్తే, అడవి పట్టు 965 దగ్గర చూపిస్తుంది. పది అలల తేడాయే కాని యంత్రానికి అది చాలు.

దసలి కాయ మీద కాల్షియం ఆక్సలేట్ స్ఫటికాలు కూడా ఉంటాయి. కంద తింటే గొంతు దురద పెట్టేది దీనివల్లే. ఇది 1317, 780 దగ్గర కనిపిస్తుంది. ఉడకబెట్టి శుభ్రం చేశాక చాలావరకు పోతుంది కనుక, కాయను పోల్చడానికి పనికొచ్చినంతగా బట్టకు పనికిరాదు.

రామన్ దారి

రెండో పద్ధతి మన దేశంలో పుట్టింది. లేజరు కాంతిని దారం మీద వేసి, చెదిరి వచ్చిన కాంతిలో రంగు ఎంత మారిందో చూస్తారు. 1928లో సి.వి. రామన్ కనిపెట్టిన ఫలితం ఇదే. ఆయన బాల్యం విశాఖపట్నంలో గడిచింది. ఆయన శిష్యుడు, అప్పటి కృష్ణా జిల్లా ఆగిరిపల్లిలో పుట్టిన సూరి భగవంతం, టి. వెంకటరాయుడుతో కలిసి అణువుల కంపనాలకు గణితంలోని గ్రూపు సిద్ధాంతాన్ని వర్తింపజేస్తూ 1948లో ఒక పుస్తకం వెలువరించారు. అణువు ఆకారాన్ని బట్టి ఏ కంపనం పరారుణంలో కనిపిస్తుందో, ఏది రామన్‌లో కనిపిస్తుందో ఆ గణితమే చెబుతుంది. ఒక చిక్కు మాత్రం ఉంది. రంగు వేసిన పట్టు లేజరు కింద తానే మెరిసిపోయి, అసలు సంకేతాన్ని కప్పేస్తుంది.

జాగ్రత్తలు

ఎమ్మెస్ చేసే రోజుల్లో పరారుణ యంత్రం మీద కొన్నాళ్ళు పని చేశాను. దారాన్ని చిన్న స్ఫటికం మీద పెట్టి నొక్కితే నిమిషంలో గీత వస్తుంది, దారం చెక్కు చెదరదు. అయితే దారం బాగా ఆరి ఉండాలి. నీరు కూడా 1640 దగ్గరే కాంతిని మింగి లెక్క తప్పిస్తుంది. నైలానులోనూ పట్టులో ఉన్న బంధమే ఉంది కనుక ఒక్క శిఖరాన్ని చూసి తీర్పు చెప్పకూడదు. నైలానుకు 2860, 2930 దగ్గర శిఖరాలు ఎక్కువ ఎత్తుగా ఉంటాయి.

అన్నిటికన్నా ముఖ్యం, పడుగునూ పేకనూ విడివిడిగా చూడాలి. మల్బరీ పడుగు మీద దసలి పేకతో నేసిన చీరలు చాలా ఉన్నాయి. అది మోసం కాదు, నేత పద్ధతి. ఒక్క పోగు చూసి నేతగాణ్ణి అనుమానించడం అన్యాయం.

దసలికీ ముగాకూ మధ్య తేడా కంటికి చిక్కదు. తెలిసిన నమూనాల గీతలు చాలా పోగుచేసి, కంప్యూటరు చేత పోల్పించాలి. మనలాంటి సాఫ్ట్‌వేరు వాళ్ళు సాయపడగలిగేది ఇక్కడే. పోలిక ఎంత నమ్మదగినదో ఆ నమూనాలే నిర్ణయిస్తాయి, వాటిని పురుగు పెంచిన చోటి నుంచే తేవాలి.

కొనేటప్పుడు 2004లో మొదలైన సిల్క్ మార్క్ చీటీ చూడండి. అది పట్టు అసలైనదని హామీ ఇస్తుంది. ఇంట్లో పాత చీర గురించి సందేహముంటే కాల్చకండి. చెంగు అంచున ఊడిన పడుగు పోగు ఒకటి, పేక పోగు ఒకటి వేర్వేరు కాగితాల్లో మడిచి, దగ్గరలోని విశ్వవిద్యాలయంలో ఈ యంత్రం ఉన్న విభాగాన్ని అడిగి చూడండి. చీర చీరలాగే ఉంటుంది, దారం ఏ పురుగుదో తెలుస్తుంది.