సొంత బండి - మన మోజు, వాళ్ళ అనుభవం

ప్రత్యేక సంచికకు ఏదైనా చరిత్ర వ్యాసం రాయమని కార్యదర్శి గారు అడిగినప్పుడు, రాజుల సంగతులు రాసేవారు చాలామంది ఉన్నారు కదా, మనమందరం పడ్డ ఒక మోజు గురించి రాద్దామనిపించింది. అదే సొంత బండి మోజు.

నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో ఆఫీసుకు సైకిలు మీదే వెళ్ళేవాణ్ణి. మా సూపరింటెండెంటు గారిదీ సైకిలే. 1974లో స్కూటరు బుక్ చేశాను. అది చేతికి వచ్చేసరికి మా పెద్దవాడు బడికి వెళుతున్నాడు! పిల్లవాడి పేరు మీద స్కూటరు బుక్ అయివుందంటే పెళ్ళి సంబంధాలలో ఆ మాటకు విలువుండేది. కారంటే అంబాసిడరో, ఫియట్టో. అవి పెద్ద అధికారులకు, షావుకార్లకు. 1983 డిసెంబరు 14న ఇందిరాగాంధీ తొలి మారుతి 800 తాళాలను కొనుగోలుదారు చేతికి ఇచ్చారు. కారు మనవంటివారి ఊహలోకి వచ్చింది ఆ తరువాతే. 1996లో నేనూ ఒక పాత మారుతి కొన్నాను. నా సైకిలు ఎవరికి ఇచ్చేశామో ఇంట్లో ఎవరికీ గుర్తు లేదు.

రెండేళ్ళ క్రితం నెదర్లాండ్స్‌లోని ఉట్రెక్ట్ నగరంలో ఉంటున్న మా చిన్నవాడి దగ్గరకు వెళ్ళాము. అక్కడి రైల్వే స్టేషను పక్కన నేల కింద 12,500 సైకిళ్ళు పెట్టుకునే చోటుంది. 2019లో పూర్తయింది. సూట్లు వేసుకున్నవారు, గర్భిణీ స్త్రీలు, నా వయసు ముసలివారు అందరూ సైకిళ్ళ మీదే. ఈ జాతి స్వభావమే అంత కాబోలు అనుకున్నాను. పక్కింటి పెద్దాయన, ఆయనా రిటైరైన ఉద్యోగే, నా పొరపాటు దిద్దాడు.

రెండవ ప్రపంచ యుద్ధం తరువాత చేతిలో డబ్బు ఆడగానే వాళ్ళకూ మన మోజే పట్టింది. సైకిలు బీదవాడిదైంది. రోడ్ల కోసం పాత వీధులు కూల్చారు. ఉట్రెక్ట్ చుట్టూ ఉన్న పురాతన కందకంలో కొంత భాగాన్ని పూడ్చి, 1973 నాటికి దాని మీద కార్లకు పెద్ద రోడ్డు వేశారు. 1971 ఒక్క సంవత్సరంలో ఆ చిన్న దేశంలో రోడ్ల మీద మూడు వేల మందికి పైగా చనిపోయారు. అందులో 400 మందికి పైగా పిల్లలే.

కూతురిని అలా పోగొట్టుకున్న విక్ లాంగెన్‌హోఫ్ అనే పత్రికా రచయిత 1972లో 'పిల్లల హత్యలు ఆపండి' అని శీర్షిక పెట్టి వ్యాసం రాశాడు. అదే పేరుతో ఉద్యమం పుట్టింది. తల్లులు, పిల్లలు రోడ్ల మీద కూర్చున్నారు. మరుసటి ఏడాది అరబ్ దేశాలు చమురు ఆపడంతో, 1973 నవంబరు 4 నుంచి కొన్ని వారాలపాటు ఆదివారాలు కార్లు నడపరాదని ప్రభుత్వం ఆదేశించింది. అప్పుడు హైస్కూలు కుర్రాడైన ఆ పెద్దాయన హైవే మీద చక్రాల బూట్లతో తిరిగాడట! అది చెబుతుంటే ఆయన ముఖం చూడాలి. 1976లో ఇళ్ళ మధ్య వీధులలో నడిచేవారికే మొదటి హక్కు అని చట్టం తెచ్చారు. 2002లో ఉట్రెక్ట్ ప్రజలు ఓటు వేసి మరీ పూడ్చిన కందకం తిరిగి తవ్వాలన్నారు. 2020లో నీరు వచ్చింది. నేను ఆ గట్టున కూర్చున్నాను.

వాళ్ళు కార్లు మానేశారనుకోకండి. చాలా ఇళ్ళ ముందు కారుంది. వీధి మొత్తం దానికే రాసివ్వడం మానేశారు, అంతే. ఇప్పుడు ఏడాదికి రోడ్డు మరణాలు 700 అటూ ఇటూ.

మన దగ్గర మాత్రం కాగితం మీద లోటు లేదు. వాహనాలు కాదు, మనుషులు కదలడం ముఖ్యమని 2006 నాటి జాతీయ పట్టణ రవాణా విధానమే చెప్పింది. 2023లో హైదరాబాదు ఔటర్ రింగు రోడ్డు పక్కన 23 కిలోమీటర్ల సైకిలు దారి, పైన సౌర ఫలకాలతో వేశారు. చక్కగా ఉంది. మా ఇంటి నుంచి అక్కడికి వెళ్ళాలంటే కారు కావాలి.

మొన్న నవంబరులో లైఫ్ సర్టిఫికెట్టు ఇవ్వడానికి బ్యాంకుకు బయలుదేరాను. బ్యాంకు మా గుమ్మంలోంచి కనిపిస్తుంది, రోడ్డుకు అవతలి పక్క. పదిహేను నిమిషాలు నిలబడ్డాను, దాటలేకపోయాను. చివరకు ఆటో ఎక్కి, ముందుకు వెళ్ళి, యూ టర్న్ తిరిగి వచ్చి దిగాను. నలభై రూపాయలు తీసుకున్నాడు.