గాలివానకు ముందు సుత్తి చప్పుడు

చెక్క స్తంభానికి ముప్పు తల దగ్గర కాదు, పాదం దగ్గర ఉంటుంది. నేలమట్టానికి అటూ ఇటూగా మూరెడు మేర తడీ ఉంటుంది, గాలీ తగులుతుంది. పుచ్చు పట్టడానికి అంతకంటే ఇంకేం కావాలి? అందుకే ఫ్లోరిడాలో కరెంటు స్తంభాల తనిఖీకి వచ్చే మనిషి ముందు పైకి చూడడు. సుత్తి తీసి స్తంభాన్ని చుట్టూ కొడతాడు. గట్టి కర్ర ఖంగుమంటుంది, లోపల డొల్లయినది బొంగురుగా పలుకుతుంది. తర్వాత మొదట్లో మట్టి మూరెడు లోతు తవ్వి, పుచ్చిన పొట్టు గోకేసి, ఏటవాలుగా బెజ్జం వేస్తాడు. బయటికొచ్చే పొట్టు తెల్లగా పొడిగా ఉందా, నల్లగా మెత్తబడి ఉందా అన్నది చూసి స్తంభం ఆయుష్షు చెబుతాడు. ఫరవాలేదనుకుంటే ఆ బెజ్జంలో మందు పట్టించిన బిరడా దిగ్గొట్టి, మొదలు చుట్టూ మందు పూసి పట్టీ చుట్టి, మట్టి కప్పి, ఏడాది చెక్కిన చిన్న బిళ్ల కొట్టి పక్క స్తంభానికి నడుస్తాడు. సంతలో పుచ్చకాయ తట్టి చూసేవాడి నేర్పు లాంటిదే ఇది.

అట్లాంటిక్ హరికేన్ సీజన్ జూన్ 1న మొదలై నవంబరు 30న ముగుస్తుంది. ఆ ఆరు నెలలూ టీవీల్లో కనిపించేవి ఉపగ్రహ చిత్రాలు, బారులు తీరిన క్రేన్ బండ్లు. తుపానును ఎదుర్కోవడంలో ఎక్కువ పనికొచ్చిన పరికరం ఏదని నన్నడిగితే మాత్రం ఆ సుత్తినే చూపిస్తాను. దాన్ని ప్రతి స్తంభం దగ్గరికీ, లెక్క తప్పకుండా పంపాలన్న బుద్ధి పుట్టడానికి ఆ రాష్ట్రానికి ఎనభై ఏళ్లు పట్టింది.

అసలు అమెరికాలో తీగ స్తంభమెక్కడమే అనుకోకుండా జరిగింది. 1843లో శామ్యూల్ మోర్స్ వాషింగ్టన్ నుంచి బాల్టిమోర్‌కు టెలిగ్రాఫ్ తీగ వేయాలనుకున్నప్పుడు సీసపు గొట్టాల్లో పెట్టి భూమిలో పాతించాడు. కొన్ని మైళ్లు సాగాక చూస్తే తీగ పూత దెబ్బతిని సంకేతాలు అందడం లేదు. ప్రభుత్వం ఇచ్చిన 30 వేల డాలర్లు కరిగిపోతున్నాయి. గత్యంతరం లేక 700 చెస్ట్‌నట్ కర్రలు కావాలని పత్రికలో ప్రకటన ఇచ్చారు. 1844 మే 24న ఆ కర్రల మీదుగానే మొదటి సందేశం వెళ్లింది. తర్వాత వచ్చిన టెలిఫోనూ కరెంటూ అదే దారి పట్టాయి. అయితే 1882లో న్యూయార్క్‌లో ఎడిసన్ తన తీగలను భూమిలోనే వేశాడు. 1888 మార్చి మంచు తుపానుకు ఆ నగరంలో పైన వేలాడిన తీగలు కుప్పకూలాక మిగతావాళ్లకూ మాన్‌హటన్‌లో తీగలు పాతక తప్పలేదు. కానీ అది కిక్కిరిసిన, డబ్బున్న నగరం. మిగతా దేశానికి పైన్ కర్రే దిక్కయింది. 1936లో గ్రామీణ విద్యుదీకరణ చట్టం వచ్చాక ఆ కర్రలు ఊరూరికీ చేరాయి.

ఎఫ్‌పీఎల్ అని పిలిచే ఫ్లోరిడా పవర్ అండ్ లైట్ కంపెనీ 1925 డిసెంబరులో పుట్టింది. తొమ్మిది నెలలు తిరక్కుండానే, 1926 సెప్టెంబరు 18న, మయామీని పెద్ద హరికేన్ ఊడ్చేసింది. పసికందుగా ఉన్నప్పుడే అంత దెబ్బ తిన్న సంస్థ తుపానుకు తట్టుకునే లైన్లు కట్టడంలో ఆరితేరి ఉండాలి కదా! జరిగింది వేరు. పడ్డదాన్ని త్వరగా లేపడంలో ఆరితేరింది. కర్ర చవక, పైన్ అడవులు దగ్గరే. విరిగితే ఇంకోటి పాతుదాం అన్న లెక్క దశాబ్దాల పాటు ఎవరికీ తప్పనిపించలేదు.

దీనికి నియమావళి అండ కూడా ఉంది. అమెరికా కరెంటు లైన్లకు ఆధారం 1910ల్లో పుట్టిన జాతీయ విద్యుత్ భద్రతా నియమావళి. అతి తీవ్రమైన గాలికి స్తంభాలు ఆగాలన్న నిబంధన 1977లో అందులో చేరింది. అయితే 60 అడుగులు దాటిన వాటికే అది వర్తిస్తుందన్నారు. వీధి స్తంభం సాధారణంగా 40, 45 అడుగులే. అంటే జనం ఇళ్లకు కరెంటు తెచ్చే స్తంభాలన్నీ ఆ నిబంధన కింది నుంచి తప్పుకున్నాయి. వాదన ఇది: పొట్టి లైన్లు గాలికి పడవు, వాటిమీద చెట్లూ రేకులూ పడితే పడతాయి. అలాంటప్పుడు గాలికి లెక్కగట్టి బలమైన కర్ర వేసి లాభమేముంది? ఈ వాదనలో సగం నిజం ఉంది. మిగతా సగానికి ఫ్లోరిడా బాగానే చెల్లించుకుంది. గాలి వేగం రెండింతలైతే స్తంభం మీద ఒత్తిడి నాలుగింతలవుతుంది. గంటకు 100 మైళ్ల గాలి ఒక్కో చదరపు అడుగు మీద 25 పౌన్లకు పైగా తోస్తుంది, 145 మైళ్లయితే 50 దాటుతుంది. మొదలు పుచ్చిన కర్ర పడడానికి దానిమీద చెట్టే కూలనక్కర్లేదు.

1992 ఆగస్టు 24న ఆండ్రూ హరికేన్ వచ్చింది. దాదాపు 14 లక్షల కనెక్షన్లు ఆగిపోయాయి. మయామీకి దక్షిణాన ఉన్న టర్కీ పాయింట్ అణు విద్యుత్ కేంద్రం సరిగ్గా దాని దారిలోనే పడింది. బయటి లైన్లన్నీ తెగి, ఐదు రోజులకు పైగా ఆ కేంద్రం తన డీజిల్ జనరేటర్ల మీదే బతికింది. ఊళ్లకు కరెంటు పంచాల్సిన చోటే కరెంటు కరువు. ఆండ్రూ తర్వాత దక్షిణ ఫ్లోరిడాలో ఇళ్ల నిర్మాణ నిబంధనలు బాగా బిగిశాయి. ఇంటి పైకప్పుకు వచ్చిన కట్టుదిట్టం ఇంటిముందు స్తంభానికి రాలేదు.

అది రావడానికి రెండు చెడ్డ సంవత్సరాలు కావలసి వచ్చాయి. 2004లో చార్లీ, ఫ్రాన్సెస్, ఐవన్, జీన్ ఆరేడు వారాల వ్యవధిలో వరసగా ఆ రాష్ట్రాన్ని కుదిపేశాయి. మరుసటి ఏడాది డెన్నిస్, కత్రినా, రీటా, అన్నిటికీ చివర అక్టోబరు 24న విల్మా. ఎఫ్‌పీఎల్ కనెక్షన్లలో 32 లక్షలు పోయాయి. 12 వేలకు పైగా స్తంభాలు విరిగాయి, 241 సబ్‌స్టేషన్లు ఆగాయి. ఆఖరి ఇంటికి కరెంటు వచ్చేసరికి 18 రోజులు.

జనానికి కోపం తెప్పించింది ఈ అంకెలొక్కటే కాదు. విల్మా పడమటి తీరంలో ప్రవేశించి, రాష్ట్రాన్ని అడ్డంగా దాటి మయామీ, ఫోర్ట్ లాడర్‌డేల్ వైపు చేరేసరికి ఆండ్రూ అంతటి గాలి కాదు. అయినా స్తంభాలు ఎందుకు పడ్డాయి? విచారణలో అన్నిటికంటే నన్ను ఆపింది 500 కేవీ లైను ఒకటి. అది చెక్క కాదు, ఉక్కు టవర్ల లైను. వాటిలో కొన్ని నేలకూలాయి. కారణం వెతికితే అడ్డకమ్మీలను పట్టి ఉంచే బోల్టులు దొరికాయి. మామూలు రోజుల్లో వీచే గాలికే టవరు సన్నగా వణుకుతూ ఉంటుంది. ఏళ్ల తరబడి ఆ వణుకుకు బోల్టులు వదులై, కొన్ని ఊడిపోయి కూడా ఉన్నాయి. హరికేన్ వచ్చి వాటిని విప్పలేదు, అవి లేని సంగతి చూపించిందంతే.

2006లో ఫ్లోరిడా పబ్లిక్ సర్వీస్ కమిషన్ రంగంలోకి దిగింది. మనకు ఆ పేరు వింటే గ్రూప్-1 పరీక్షలు గుర్తొస్తాయి గానీ, అక్కడ అది కరెంటు చార్జీలు నిర్ణయించే సంస్థ, మన ఈఆర్‌సీ లాంటిది. అది ఇచ్చిన ఆదేశాల్లో కొత్త సాంకేతిక విద్య పెద్దగా లేదు. ప్రతి చెక్క స్తంభాన్నీ ఎనిమిదేళ్లకోసారి తనిఖీ చేయాలి. లైన్ల వెంట చెట్లను నియమిత కాలానికి కొట్టాలి, సబ్‌స్టేషన్ నుంచి వచ్చే ప్రధాన లైన్లకు, అంటే ఫీడర్లకైతే మూడేళ్లు గడువు. ట్రాన్స్‌మిషన్ లైన్లను ఆరేళ్లకోసారి చూడాలి. టెలిఫోను, కేబుల్ టీవీ వాళ్లు స్తంభానికి ఎంత బరువు తగిలించారో లెక్క తీయాలి. ఇక్కడ ఆగి ఓ మాట: మన వీధుల్లో కరెంటు స్తంభానికి చుట్టలు చుట్టలుగా వేలాడే కేబుళ్లు చూసినవాళ్లకు ఈ చివరి ఆదేశం వెంటనే అర్థమవుతుంది. ఆ చుట్ట బరువు మాత్రమే కాదు, గాలికి తెరచాప కూడా.

ఇంకో ఆదేశం ఉంది, పడ్డ స్తంభం ఎందుకు పడిందో రాసిపెట్టాలని. అంతకుముందు విరిగిన ముక్కను బండిలో వేసుకుని పోయేవారు, దానితోనే సాక్ష్యమూ పోయేది.

ఎఫ్‌పీఎల్ ఇంకో అడుగు వేసి, 60 అడుగుల మినహాయింపును తనంతట తాను వదులుకుంది. తన పరిధిని గంటకు 105, 130, 145 మైళ్ల గాలి మండలాలుగా విడగొట్టి ముఖ్యమైన ఫీడర్లను ఆ గాలికి తగ్గట్టు కట్టడం మొదలుపెట్టింది. మొదటి వంతు ఆసుపత్రులకు, అత్యవసర కేంద్రాలకు. తర్వాత పెట్రోలు బంకులు, సరుకుల దుకాణాలు ఉన్న పెద్ద రోడ్లకు. ఇంట్లో కరెంటు లేకపోయినా నాలుగు రోజులు ఓర్చుకోవచ్చు, ఊళ్లో ఎక్కడో ఒకచోట పెట్రోలూ రొట్టే దొరికితే. ఈ లెక్క వేసినవాడెవరో సంసారం తెలిసినవాడు. పెద్ద లైన్ల చెక్క స్తంభాలను తీసి కాంక్రీటు, ఉక్కు వేసే పని కూడా ఏటేటా సాగింది.

విచిత్రం ఏమిటంటే, ఇదంతా మొదలయ్యాక హరికేన్లు రావడం మానేశాయి. విల్మా తర్వాత 2016 సెప్టెంబరులో హెర్మీన్ వచ్చేదాకా ఫ్లోరిడాను ఒక్క హరికేనూ నేరుగా తాకలేదు. దాదాపు 11 ఏళ్లు. రాని తుపాను కోసం బిల్లులో డబ్బు కట్టించడం ఎంత కష్టమో ఊహించుకోండి. చెట్లు కొట్టేవాళ్లతో ఇళ్లవాళ్ల గొడవలు సరేసరి. ఆ దశాబ్దంలో తనిఖీలు ఆపకపోవడమే ఈ చరిత్రలో అన్నిటికంటే మెచ్చుకోదగ్గ ఘట్టం. అందులో చూడటానికి వింతేమీ లేకపోవడంతో దాన్ని ఎవరూ మెచ్చుకోరు.

2017 సెప్టెంబరులో ఇర్మా పరీక్ష పెట్టింది. విల్మా కంటే విశాలమైన తుపాను, రాష్ట్రం మొత్తాన్నీ కప్పేసింది. ఎఫ్‌పీఎల్‌కు 44 లక్షల కనెక్షన్లు పోయాయి, అంటే పదింట తొమ్మిది. కానీ విరిగిన స్తంభాలు 5 వేల లోపే, ఆగిన సబ్‌స్టేషన్లు 92. సగం మందికి ఒక్క రోజులో కరెంటు వచ్చింది, విల్మా అప్పుడు అదే పనికి ఐదు రోజులు పట్టింది. అందరికీ రావడానికి 10 రోజులు. మరి స్తంభాలు నిలబడితే అంతమందికి కరెంటెందుకు పోయింది? చెట్లు. అవి కంపెనీ కొట్టగలిగిన చెట్లు కూడా కావు, లైను హద్దు బయట పెరళ్లలో పెరిగినవి కూలి తీగల మీద పడ్డాయి. పెరట్లో చెట్టు మీద కంపెనీకి హక్కు లేదు, ఇంటివాడికి దానిమీద ఆశ ఉంది. ఈ చిక్కుముడి ఇప్పటికీ వీడలేదు.

మనుషుల సంగతీ చెప్పుకోవాలి. మన పల్లెల్లో నాట్ల రోజుల్లో ఒకరి చేనికి ఒకరు ‘బదులు’ వెళ్లినట్టే, అమెరికా కరెంటు కంపెనీలు తుపాను వేళ ఒకరికొకరు సిబ్బందిని పంపుకుంటాయి. ఇర్మాకు దేశం నలుమూలల నుంచీ, కెనడా నుంచీ కలిపి సుమారు 60 వేల మంది వచ్చారు. గాలి రాకముందే వాళ్ల బసకు, తిండికి, బండ్లకు ఏర్పాట్లు జరిగిపోయాయి. పది రోజులకే, సెప్టెంబరు 20న, మరియా హరికేన్ ప్యూర్టోరికోను తాకింది. అక్కడి ప్రభుత్వ విద్యుత్ సంస్థ అప్పటికే దివాలా తీసింది, స్తంభాల పోషణ ఏళ్లుగా కుంటుపడింది, బదులు సాయం అడగడంలోనూ ఆలస్యం చేసింది. ఆఖరి ఇళ్లకు వెలుగు చేరడానికి 11 నెలల దాకా పట్టింది. గాలి బలంలో తేడా ఉన్న మాట నిజమే. 10 రోజులకూ 11 నెలలకూ ఉన్న తేడాను మాత్రం గాలి మీదికి నెట్టలేం.

ఇర్మా తర్వాత మాట భూగర్భ కేబుళ్ల వైపు మళ్లింది. 2018లో ఎఫ్‌పీఎల్ తరచూ పడే వీధి లైన్లను ప్రయోగంగా భూమిలోకి దించసాగింది. 2019లో ఫ్లోరిడా చట్టసభ ఏకంగా ఓ చట్టం చేసింది. ప్రతి పెద్ద కంపెనీ పదేళ్ల తుపాను రక్షణ ప్రణాళిక ఇవ్వాలి, మూడేళ్లకోసారి సవరించాలి, ఖర్చును బిల్లులో విడిగా వసూలు చేసుకోవచ్చు. మోర్స్ వదిలేసిన పని 175 ఏళ్లకు మళ్లీ మొదలైందన్నమాట. మన విశాఖపట్నమూ ఈ దారిలో నడిచింది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను ఆ నగరాన్ని రోజుల తరబడి చీకట్లో ముంచాక, ప్రపంచ బ్యాంకు రుణంతో అక్కడ భూగర్భ కేబుళ్లు వేశారు. ఉద్దానానికి ఆ భాగ్యం లేదు. 2018లో తిత్లీ వచ్చినప్పుడు అక్కడ కొబ్బరిచెట్లతోపాటే లైన్లూ నేలకొరిగాయి. మన సిమెంటు స్తంభానికి పుచ్చు బాధ లేదు గానీ, పైన కొబ్బరిచెట్టు పడితే ఏ స్తంభమైనా ఒకటే.

భూమిలో పాతితే అన్నీ తీరిపోతాయని మాత్రం అనుకోవద్దు. గాలికి తప్పించుకున్న పరికరం ఉప్పునీటికి దొరుకుతుంది. 2012 అక్టోబరు 29న శాండీ తుపాను ఉప్పెన న్యూయార్క్‌లో తూర్పు 13వ వీధి సబ్‌స్టేషన్‌లోకి వచ్చి పేలుడు పుట్టిస్తే మాన్‌హటన్ దిగువ భాగం చాలామటుకు ఆరిపోయింది. ఆ నగరం తీగలు పాతి అప్పటికి శతాబ్దం దాటింది.

2022 సెప్టెంబరు 28న ఇయన్ హరికేన్ ఫోర్ట్ మైయర్స్ దగ్గరి తీరాన్ని తాకింది. ఎఫ్‌పీఎల్ ట్రాన్స్‌మిషన్ స్తంభం ఒక్కటీ కూలలేదు. 21 లక్షలకు పైగా కనెక్షన్లను ఎనిమిది రోజుల్లో తిరిగి వెలిగించారు. ఉప్పెన ముంచిన వీధుల్లో కొన్ని ఇళ్లు మిగిలిపోయాయి. వాటి ముందు స్తంభం నిలబడే ఉంది, లైన్లో కరెంటూ ఉంది. దాన్ని అందుకోవడానికి ఇల్లే లేదు.