బడిలో దౌర్జన్యం: నేరం ఎవరిది? శిక్ష ఎవరికి?

తెలుగులో 'ఏడిపించడం' అని ఒక మాట ఉంది. బావ మరదల్ని ఏడిపించినా అదే మాట, రోడ్డు మీద పోకిరీలు ఆడపిల్లను వేధించినా అదే మాట, ఊళ్ళోని కామందు కొడుకు వాడ పిల్లాడి పుస్తకాల సంచి తీసుకెళ్ళి కాలవలో పడేసినా అదే మాట. భాషే నేరాన్ని ఆటగా మార్చిపెట్టినప్పుడు, బడిలో తోటి పిల్లల్ని హింసించే పిల్లలకు క్రిమినల్ శిక్ష వెయ్యాలా వద్దా అన్న చర్చ కూడా ఆటగానే మొదలవుతుంది. ఒకరు "పిల్లలు కదా, వదిలెయ్యండి" అంటారు. ఇంకొకరు "లోపలెయ్యాల్సిందే" అంటారు. ఏ కులం పిల్లలు ఏ కులం పిల్లల్ని ఏడిపిస్తున్నారు అన్న ప్రశ్న ఇద్దరూ అడగరు. ఆ ప్రశ్నను చరిత్రలో పెట్టి చూడడమే ఈ వ్యాసంలో మేము చెయ్యదలచుకున్న పని.

ముందు మా సంగతి ఒకటి చెప్పాలి. 2003లో మేము నలుగురం వాడ పిల్లలం ఊరి హైస్కూల్లో ఎనిమిదో తరగతి చదువుతున్నాం. నలుగురి ఇళ్ళల్లోనూ హైస్కూలు గడప తొక్కిన మొదటివాళ్ళం మేమే. కుండ దగ్గర గ్లాసు మేము ముట్టుకుంటే కడిగిందాకా ఊరి పిల్లలు తాగేవాళ్ళు కాదు. స్కాలర్‌షిప్పుల లిస్టు క్లాసులో చదివిన రోజు "గవర్నమెంటు అల్లుళ్ళొచ్చార్రా" అని బల్లలు చరిచేవాళ్ళు. స్కాలర్‌షిప్పు డబ్బులతో కొన్న మా స్నేహితుడి నోటు పుస్తకాలు ఒకరోజు కాలవలో తేలాయి. హెడ్మాస్టరు దగ్గరకు పోయి చెప్పాం. "పిల్లకాయల గొడవల్లోకి మమ్మల్ని లాగుతారేంట్రా, సర్దుకుపోండి" అన్నారు. కొన్ని నెలలకు ఆ స్నేహితుడే ఓర్చుకోలేక ఒకడి తల మీద ఇనప స్కేలుతో కొట్టాడు. రక్తం వచ్చింది. గంటలో కానిస్టేబులు వచ్చాడు. పదమూడేళ్ళ పిల్లాణ్ణి పొద్దుగూకేదాకా స్టేషన్లో కూర్చోబెట్టారు. పిల్లల్ని పోలీసు లాకప్పులో పెట్టకూడదనే చట్టం 2000లోనే వచ్చింది, కానీ మా ఊరికి వచ్చినట్టు లేదు. తెల్లారి టీసీ చేతిలో పెట్టారు. వాళ్ళమ్మ కూలికి పోకుండా బడికొచ్చి, వరండాలో నిలబడి ఒకే మాట అడిగింది: "వాళ్ళు చేస్తే ఆట, మావోడు చేస్తే కేసా సారూ?"

ఆమెకు ఎవరూ జవాబు చెప్పలేదు. ఇవాళ ఆ స్నేహితుడు హైదరాబాదులో సెంట్రింగ్ పని చేసుకుంటున్నాడు. మేము ఆ ప్రశ్నను పట్టుకుని ఇక్కడిదాకా వచ్చాం.

మొదటి దౌర్జన్యం బడిదే

చరిత్ర చూస్తే ఈ దేశంలో దళిత పిల్లలపై మొదటి దౌర్జన్యం చేసింది తోటి పిల్లలు కాదు, బడి. 1856లో ధార్వాడలో ఒక మహర్ పిల్లవాడు ప్రభుత్వ పాఠశాలలో చేర్చుకొమ్మని అర్జీ పెట్టుకున్నాడు. బొంబాయి ప్రభుత్వం ఆ పిల్లాడి పక్షాన న్యాయం ఉందని ఒప్పుకుంటూనే, మిగతా కులాలు బడి మానేస్తాయన్న భయంతో తలుపు మూసింది. న్యాయం తెలిసి కూడా పెత్తనానికి లొంగిన మొట్టమొదటి హెడ్మాస్టరు వలస ప్రభుత్వమే అనాలి. ఆ తర్వాత కొన్ని దశాబ్దాలకు సతారా బడిలో అంబేద్కర్ విడిగా గోనెపట్టా మీద కూర్చున్నాడు. ప్యూను వచ్చి పైనుంచి పోస్తే నీళ్ళు, ప్యూను రాకపోతే దప్పిక. ఇందులో ఏ ఒక్క పిల్లవాడి అల్లరీ లేదు. అంతా నియమం ప్రకారమే జరిగింది.

మన వైపు చూద్దాం. మద్రాసు ప్రెసిడెన్సీలో 1893లో పంచముల చదువు కోసం ప్రత్యేకంగా ఒక ప్రభుత్వ ఉత్తర్వు వచ్చింది. ఊరి బడిలో చోటు దొరకదు కాబట్టి వేరే బడులు, వాటికి గ్రాంట్లు. అది మేలే గాని, ఊరి బడి మాత్రం మారకుండా అట్లాగే ఉండిపోయింది. నిజాం రాజ్యంలో భాగ్యరెడ్డి వర్మ, ఆయన సహచరులు ఆది హిందువుల పిల్లల కోసం హైదరాబాదులో సొంతంగా బడులు నడిపారు. అడుక్కోకుండా కట్టుకున్న బడులవి. వినుకొండలో 1895లో పుట్టిన జాషువా చిన్ననాడు చదువుకునే చోట పడ్డ కుల అవమానం ఆయన జీవితమంతా వెంటాడింది. అంటే మన పెద్దలు బడిలో పెత్తనానికి రెండు జవాబులు వెతికారు. ఒకటి వేరే బడి, రెండు ఓర్పు. శిక్ష అన్న మూడో జవాబు రిపబ్లిక్ వచ్చాక గాని రాలేదు.

చట్టం ఏం చేసింది?

1955 నాటి అస్పృశ్యతా నేరాల చట్టం విద్యాసంస్థల్లోనూ హాస్టళ్ళలోనూ చేర్చుకోకపోవడాన్ని, చేర్చుకున్నాక వివక్ష చూపడాన్ని నేరం చేసింది. 1976లో అదే పౌరహక్కుల రక్షణ చట్టం అయ్యింది. ఇక్కడ ఒక విషయం గమనించాలి. ఆ చట్టం కన్ను ప్రధానంగా బడి నడిపేవాడి మీద ఉంది. పక్క బెంచీ వాడు చేసే హింసకు అందులో ప్రత్యేకమైన పేరు లేదు.

1985 జులైలో కారంచేడు, 1991 ఆగస్టులో చుండూరు. ఈ రెంటి మధ్యలో 1989 అత్యాచారాల నిరోధక చట్టం వచ్చింది. చుండూరు సంగతి ఈ చర్చకు నేరుగా సంబంధించింది. అక్కడ గొడవ మొదలైంది సినిమా హాల్లో. చదువుకున్న దళిత యువకుడి కాలు అగ్రకులపు కుర్రాడికి తగిలిందట! ఆ మాత్రానికి ఎనిమిది మంది దళితుల్ని చంపారు. బెంచీ మీద మొదలైన పెత్తనం సినిమా హాల్లో కుర్చీ దాకా వచ్చి, చివరికి పొలాల్లో కత్తయ్యింది. బడిలో 'చిలిపితనం' అని వదిలేసింది పెద్దయ్యాక ఏమవుతుందో తెలుసుకోడానికి ఇంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు. మరి శిక్ష? ఊళ్ళోనే ప్రత్యేక కోర్టు పెట్టించుకునేదాకా మనవాళ్ళు పోరాడారు. 2007లో 21 మందికి యావజ్జీవం, 35 మందికి ఏడాది జైలు పడింది. 2014లో హైకోర్టు అందర్నీ వదిలేసింది. పెద్దవాళ్ళు పట్టపగలు చేసిన హత్యలకే శిక్ష నిలబడని చోట, పిల్లల విషయంలో శిక్ష మీద అంత నమ్మకం పెట్టుకునేవాళ్ళు ఈ అంకెల్ని ఒకసారి చూడాలి.

1997లో ఆంధ్రప్రదేశ్‌లో ర్యాగింగ్ నిషేధ చట్టం వచ్చింది. అవమానిస్తే ఆరు నెలల దాకా, కొడితే ఏడాది దాకా, గాయపరిస్తే రెండేళ్ళ దాకా, తీవ్రంగా గాయపరిస్తే ఐదేళ్ళ దాకా జైలు. చావుకు కారణమైతే పదేళ్ళ దాకా జైలు, లేదా యావజ్జీవం. ఫిర్యాదు వచ్చినా కదలని సంస్థ పెద్దను కూడా నేరానికి తోడ్పడినవాడిగానే చూడాలని ఆ చట్టం అంది. మాకు ఇందులో అన్నిటికన్నా విలువైన మాట అదే. కానీ ఆ చట్టం చెప్పిన ర్యాగింగ్ నిర్వచనంలో కులం అన్న మాట లేదు. సీనియర్ జూనియర్ని ఏడిపించడం దానికి కనిపించింది. ఊరు వాడను ఏడిపించడం కనిపించలేదు. కులం పేరుతో వెలివెయ్యడం కూడా ర్యాగింగేనని యుజిసి తన నిబంధనల్లో చేర్చడానికి 2016 దాకా పట్టింది. అదీ యూనివర్సిటీలకూ కాలేజీలకూ మాత్రమే. వాడ పిల్లలు ఎక్కువగా రాలిపోయేది అంతకుముందే, హైస్కూల్లో.

శిక్ష ఎవరి మీదకొచ్చింది?

ఇప్పుడు రెండో వైపు చూడాలి. పిల్లల్ని శిక్షించే అధికారం ప్రభుత్వం చేతికి వచ్చిన ప్రతిసారీ అది ఎవరి పిల్లల మీద పడింది?

1911 నేరస్థ తెగల చట్టం పుట్టుకతోనే కొన్ని జాతుల్ని నేరస్థుల్ని చేసింది. పిల్లల్ని తల్లిదండ్రుల నుంచి విడదీసి వేరే బడుల్లో పెట్టే అధికారం కూడా ఇచ్చింది. సాల్వేషన్ ఆర్మీ చేతిలో నడిచిన స్టూవర్టుపురం సెటిల్‌మెంటులో ఎరుకల పిల్లలు ఏ తప్పూ చెయ్యకుండానే దొంగల పిల్లలయ్యారు. 1952లో దేశమంతటా ఆ చట్టం పోయింది గాని, బడిలో పెన్ను పోతే మొదట ఎవరి సంచి వెతుకుతారో చదివేవాళ్ళకు మేము చెప్పక్కర్లేదు.

ఉన్నత విద్యలోనూ ఇదే వరస. 2002లో హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో పదిమంది దళిత విద్యార్థుల్ని బహిష్కరించారు. అదే క్యాంపస్‌లో మరో ఐదుగురు దళిత పరిశోధకుల్ని హాస్టళ్ళ నుంచి వెలివేశాక, 2016 జనవరిలో రోహిత్ వేముల చనిపోయాడు. అధికారుల మీద పెట్టిన అత్యాచారాల చట్టం కేసును మూసెయ్యాలని పోలీసులు 2024లో కోర్టుకు నివేదిక ఇచ్చారు. అందులో విచారణకు నిలబెట్టింది ఎవర్నో తెలుసా? రోహిత్ కులాన్ని! నిరసనలు వచ్చాక గాని తిరిగి దర్యాప్తు చేస్తామనలేదు. క్రమశిక్షణ అనేది మన మీదకు వచ్చేటప్పుడు పరుగెత్తుకొస్తుంది, మన కోసం రావలసి వచ్చేసరికి కుంటుతుంది.

అందుకే "ఏడిపించే పిల్లల్ని జైల్లో పెట్టండి" అనే నినాదం విన్నప్పుడు మాకు సంతోషం కన్నా ముందు అనుమానం వస్తుంది. ఆ అధికారం రేపు ఇనప స్కేలు ఎత్తిన మా స్నేహితుడి మీదకే వస్తుంది. పుస్తకాలు కాలవలో వేసినవాడి మీదకు రాదు.

అయితే ఊరుకోవాలా?

ఊరుకోమని మేము అనడం లేదు. 2023 ఆగస్టులో తమిళనాడులోని తిరునల్వేలి జిల్లా నాంగునేరిలో ఏం జరిగిందో చూడండి. ఆధిపత్య కులపు తోటి విద్యార్థుల వేధింపులు పడలేక ఒక దళిత విద్యార్థి బడి మానేశాడు. ఎందుకు రావడంలేదని బడి వాళ్ళు అడిగితే జరిగింది చెప్పాడు. చెప్పినందుకు ఆ పిల్లలే రాత్రి ఇంటికొచ్చి అతన్నీ అడ్డమొచ్చిన చెల్లెల్నీ కొడవళ్ళతో నరికారు. దీన్ని పిల్లకాయల గొడవ అనగలమా? ఇక్కడ చట్టం రావాల్సిందే. వచ్చింది కూడా.

2015 నాటి బాలల న్యాయ చట్టం ఇందుకు దారి చూపింది. మామూలు గొడవల్లో పిల్లల మీద ఎఫ్‌ఐఆర్ రాయకూడదు. సంగతి నమోదు చేసి, కుటుంబ పరిస్థితి విచారించి జువెనైల్ బోర్డు ముందుకు తీసుకుపోవాలి. బోర్డు కౌన్సెలింగ్ చెయ్యొచ్చు, సేవా పని చేయించొచ్చు, తల్లిదండ్రుల చేత జరిమానా కట్టించొచ్చు, మూడేళ్ళకు మించకుండా ప్రత్యేక గృహానికి పంపొచ్చు. పదహారు నిండినవాళ్ళు ఘోరమైన నేరం చేస్తే పెద్దల కోర్టుకు పంపే వీలు కూడా ఉంది. కాబట్టి "చట్టం లేదు" అనేది అబద్ధం. చట్టాన్ని బడి గేటు దగ్గర ఆపుతున్నది ఎవరన్నదే ప్రశ్న.

నాంగునేరి తర్వాత తమిళనాడు ప్రభుత్వం జస్టిస్ చంద్రు ఆధ్వర్యంలో ఏకసభ్య కమిటీ వేసింది. 2024 జూన్‌లో నివేదిక వచ్చింది. కులాన్ని చాటే రంగు రంగుల చేతిపట్టీలు వద్దని, బడుల పేర్లలోంచి కులం పేర్లు తీసెయ్యాలని ఆ నివేదిక సూచించింది. ఈ సూచనల్లో మాకు నచ్చింది ఏమిటంటే, అవి పిల్లాణ్ణి వదిలి బడిని పట్టుకున్నాయి. పదిహేనేళ్ళవాడి చేతికి ఆ పట్టీ కట్టింది ఎవరు? ఇల్లు, ఊరు, కుల సంఘం. దాన్ని చూసీ చూడనట్టు పోనిచ్చింది బడి.

మా మాట

చరిత్ర నుంచి మేము నేర్చుకున్నది ఇది. ఒకటి, కొడవలి పట్టిన చోట, ప్రాణం మీదకు తెచ్చిన చోట, ఆడపిల్లల మీద చెయ్యి వేసిన చోట రాజీ అనే మాటే వద్దు. పిల్లలైనా బాలల న్యాయ చట్టం ముందు నిలబడాలి. ఊరి పెద్దల పంచాయితీ ముందు కాదు.

రెండు, మిగతా వేధింపుల్లో పిల్లల్ని జైలుకో, టీసీ ఇచ్చి వీధిలోకో పంపే అధికారం ఎవరికీ ఇవ్వొద్దు. ఎనిమిదో తరగతి అయిందాకా పిల్లల్ని బడి నుంచి తీసెయ్యకూడదని 2009 విద్యాహక్కు చట్టమే చెప్పింది. అది మన పిల్లలకు కవచం. కోపంలో మనమే దాన్ని పగలగొట్టుకోకూడదు. తప్పు చేసినవాడు బడిలోనే ఉండి, తప్పు ఒప్పుకుని, పాడుచేసినదానికి బదులు కట్టి, ఎవర్ని అవమానించాడో వాళ్ళ పక్కన కూర్చుని చదవాలి. అది జైలు కన్నా కష్టమైన శిక్ష.

మూడు, క్రిమినల్ శిక్ష ముందుగా పడాల్సింది పెద్దల మీద. ఫిర్యాదు విని కూడా 'సర్దుకుపోండి' అన్న హెడ్మాస్టరు, వార్డెను, కరస్పాండెంటు జవాబు చెప్పాలి. అత్యాచారాల చట్టంలో నాలుగో సెక్షను విధి నిర్లక్ష్యం చేసిన ప్రభుత్వోద్యోగిని శిక్షిస్తుంది గాని బడి పెద్ద పేరు అందులో లేదు. ర్యాగింగ్ చట్టం సంస్థ పెద్ద మీద పెట్టిన బాధ్యతను, కులం పేరు స్పష్టంగా రాసి, ప్రతి బడికీ హాస్టలుకూ వర్తింపచెయ్యాలి. బడిలో వచ్చిన ఫిర్యాదులు రాసే పుస్తకం ఉండాలి, దాన్ని బయటివాళ్ళు చూడగలగాలి. మా ఫిర్యాదు ఆనాడు ఏ కాగితం మీదా పడలేదు. స్కేలు దెబ్బ మాత్రం స్టేషను డైరీ దాకా పోయింది.

ఉపాధ్యాయులుగా పనిచేస్తున్న మిత్రులకు, ముఖ్యంగా వాడల నుంచి వెళ్ళి ఇవాళ స్టాఫ్‌రూముల్లో కూర్చున్నవాళ్ళకు ఒక మనవి. రేపు ఒక పిల్లవాడు తడిసిన పుస్తకాలు పట్టుకుని మీ దగ్గరకొస్తే, ముందు ఒక కాగితం తీసుకుని వాడు చెప్పింది వాడి మాటల్లోనే రాయండి. తేదీ వెయ్యండి. సంతకం చెయ్యండి. వరండాలో నిలబడి ఆ తల్లి అడిగిన ప్రశ్నకు జవాబు అక్కడ మొదలవుతుంది.