సాధారణ ఒత్తిడి గ్లకోమా

కంటి ఒత్తిడి 21 మి.మీ. (పాదరసం) దాటకపోయినా కంటి నరం క్రమంగా దెబ్బతిని చూపు పోయే జబ్బు ఇది. తెలుగునాట నీటికాసులు అనే గ్లకోమాలో ఒక రకం. నొప్పి, ఎరుపు ఉండవు. ఒక కంటి లోటును రెండోది కప్పిపుచ్చడంతో చాలాకాలం రోగికి తెలియదు.

చరిత్ర

1851లో హెల్మ్‌హోల్ట్జ్ ఆప్తాల్మోస్కోపును ప్రకటించాక బతికున్న మనిషి కంటి నరాన్ని వైద్యులు నేరుగా చూడగలిగారు. 1857లో బెర్లిన్ వైద్యుడు ఫాన్ గ్రేఫె, నరం గుంటపడినా కన్ను గట్టిపడని రోగుల గురించి రాశాడు. అప్పట్లో మూసిన రెప్పను వేళ్లతో నొక్కి ఒత్తిడిని అంచనా కట్టేవారు. ఒత్తిడి లేని గ్లకోమా ఉంటుందంటే తోటివారు చాలామంది ఒప్పుకోలేదు.

1905లో నార్వేలో షియోట్జ్, 1950లలో స్విట్జర్లాండులో గోల్డ్‌మాన్ రూపొందించిన టోనోమీటర్లతో కొలత నిక్కచ్చి అయింది. 21 అనే హద్దు ఆరోగ్యవంతుల కొలతల నుంచి లెక్కగట్టినది మాత్రమే. ఆలోపు ఉంటే నరం క్షేమమని కాదు. జపాన్‌లోని తజిమిలో 2000–2001లో జరిగిన సర్వే దీన్ని తేటతెల్లం చేసింది: ఓపెన్ యాంగిల్ గ్లకోమా (కంటి ద్రవం బయటికి పోయే కోణం తెరిచే ఉండే రకం) ఉన్నవారిలో 92 శాతం మందికి ఒత్తిడి 21 లోపే. హైదరాబాదులోని ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ 1990లలో మొదలుపెట్టిన ఆంధ్రప్రదేశ్ సర్వేలో గ్లకోమా బయటపడినవారిలో అత్యధికులకు ఆ సంగతే తెలియదు.

కారణాలు, గుర్తింపు

నరానికి రక్తం సరిగా అందకపోవడం, రాత్రిళ్లు బీపీ మరీ పడిపోవడం, మైగ్రేన్, నిద్రలో శ్వాస ఆగడం, వంశపారంపర్యం వంటివాటికి దీనితో సంబంధం ఉందని భావిస్తున్నారు. 2002లో ఆప్టిన్యూరిన్ జన్యువు పాత్ర బయటపడింది. కార్నియా పలచనైతే ఒత్తిడి అసలుకన్నా తక్కువగా కనిపిస్తుంది, అదీ చూడాలి. నరం అంచున మంట ఆకారంలో సన్నని నెత్తుటి చార కనిపిస్తే జబ్బు ముదిరే ప్రమాదం ఉన్నట్టే. కొన్ని వారాల్లో ఆ చార చెరిగిపోతుంది కనుక పరీక్ష మళ్లీ మళ్లీ అవసరం. చూపు పరిధిని కొలిచే ఫీల్డ్ టెస్టు, నరం పొరలను చిత్రించే ఓసీటీ స్కాన్ నష్టాన్ని అంచనా వేస్తాయి.

చికిత్స

ఒత్తిడి మామూలుగా ఉన్నా దాన్ని ఇంకా తగ్గించడమే నిరూపితమైన మార్గం. 1998లో వెలువడిన అధ్యయనంలో ఒత్తిడిని 30 శాతం తగ్గించిన కళ్లలో 12 శాతమే క్షీణించాయి. చికిత్స లేనివాటిలో 35 శాతం. చుక్కల మందు, లేజర్, ఆపరేషన్ సాధనాలు. రాత్రి వేసుకునే బీపీ మాత్రల గురించి కంటి వైద్యుడికి చెప్పాలి. పోయిన చూపు తిరిగి రాదు, ఉన్నదాన్ని నిలుపుకోవచ్చు. అందుకే నలభై దాటినవారు, ముఖ్యంగా ఇంట్లో ఎవరికైనా గ్లకోమా ఉన్నవారు, ఒత్తిడితోపాటు కంటి నరాన్నీ పరీక్ష చేయించుకోవాలి.